మోతీ మీద ఫిర్యాదులు

అవతలి జట్టు ఫార్వర్డ్ కాలుజారి పడ్డాడు. బంతి దిక్కులేకుండా అక్కడే ఆగింది. దాన్ని హాకీ స్టిక్‌తో దూరంగా కొట్టాల్సిన మన బ్యాక్ మోతీ, ముందు పడ్డవాడికి చెయ్యి అందించాడు. ఈలోగా వెనకనుంచి ఇంకొకడొచ్చి బంతిని గోల్‌లోకి తోసేశాడు.

"యా అల్లా!" మైదానం పక్కన కూర్చుని చూస్తున్న సాబిర్ నెత్తి పట్టుకున్నాడు. "మొన్న ఏషియాడ్ హాకీ ఫైనల్‌ల మనోళ్లు ఏడు గోల్స్ ఎందుకు తిన్నం? పేపరోళ్లు ఏందేందో రాసిన్రు. నన్నడిగితే రోగమంత గీ మెతకతనంల ఉన్నది!"

అతన్నెవరూ అడగలేదు. అదే సాబిర్ బాధ. ఖమ్మంలో అతనికి సైకిల్ షాపుంది. పేపర్ రాగానే ఆటల పేజీ చదువుతాడు. చదివి ఊరుకోడు, అభిప్రాయం చెబుతాడు. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు సగం గాలితోనే పారిపోతారు. ఇంట్లో భార్య అజ్మత్ బీ అయితే హాకీ అన్న మాట వినగానే మిరపకాయలు దంచడం మొదలుపెడుతుంది.

జిల్లా పోటీల్లో ఖమ్మం జట్టు పోయినేడు ఫైనల్‌లో ఓడింది. ఈసారి కప్పు రావాలంటే మోతీని తీసేయాల్సిందే. మేనేజర్ హాతీరాంకి ఆ మాట చెప్పి చెప్పి సాబిర్ నోరు నొప్పి పుట్టింది.

అదృష్టం, ఇవాళ పక్కనే హాతీరాం అక్క హేమ్లి కూర్చుంది. పినపాక నుంచి పొద్దున బస్సుకే వచ్చిందట. హాతీరాం ఎవరి మాటా వినడుగానీ అక్క మాట జవదాటడని ఊరందరికీ తెలుసు.

"ఎవర్ని తిడ్తున్నవ్ సేటూ?" అంది హేమ్లి, గాజుల చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని.

"గా బ్యాక్‌నే అక్కా. మోతీ."

"గా పిల్లగాడా?" హేమ్లి జరిగి దగ్గరగా కూర్చుంది. "ఏం జేసిండు?"

ఏం చేశాడని ఇన్నాళ్లకు ఒక మనిషి అడిగింది! సాబిర్ గొంతు సవరించుకున్నాడు.

"గిప్పుడు నువ్వే చూసినవ్ గద. పడ్డోణ్ని లేపనీకి గిది దవాఖానానా? ప్రాక్టీసుకు ఎన్నడు టైముకు రాడు. ఏందిరా అంటే, అమ్మకు కాళ్లనొప్పులు, నీళ్లు తోడిపెట్టి వచ్చిన అంటడు."

"రోజూనా?"

"రోజూ! గోల్ కొట్టే మోకా వస్తే పక్కోనికి ఇస్తడు. పేరు వానికొస్తది. మన మోతీ సారు చప్పట్లు కొడ్తడు."

అప్పుడే అంపైరు మోతీ మీద ఫౌల్ అని ఈల వేశాడు. తప్పు మోతీది కాదు. మైదానమంతా గోల చేసింది. మోతీ మాత్రం తలూపి వెనక్కి జరిగాడు.

"చూసినవా? అడ్డంగ అన్యాయం. ఒక్క మాటన్న అన్నడా?"

"కోపమే రాదా ఏంది?"

"రాదు! గదే గద రోగం. ఆటగానికి జర పొగరుండాలె. పోయినేడు ఓడినంక అందరు స్టిక్కులు ఇసిరికొట్టిన్రు. వీడొక్కడే కూసోని విరిగిన వాటికి గుడ్డ చుట్టుకుంట ఉన్నడు."

హాఫ్ టైమయింది. నీళ్ల బిందె వచ్చింది. మోతీ అందరికీ గ్లాసులు అందించి, చివర్లో తాను తాగాడు.

"ఆటగాడా, పెండ్లిల నీళ్లు పోసెటోడా?" అన్నాడు సాబిర్.

హేమ్లి నవ్వలేదు. కళ్లు చిట్లించి చూస్తూనే ఉంది. "తాగుడు గిట్ల ఉన్నదా సేటూ? దమ్ము ఆగాలె గద."

"గా సరదా గూడ లేదు. గెలిచిన రాత్రి అందరు మజా జేస్తరు. వీడు ఒక్క సోడా తాగి ఇంటికి పోతడు. జట్టుల కలుస్తడా ఇసుంటోడు?"

ఎలాగో ఖమ్మం జట్టు రెండు గోల్స్ కొట్టి సెమీఫైనల్ గెలిచింది. అయినా సాబిర్ వదల్లేదు. "అదృష్టంతోటి గెలిచినం అక్కా. ఫైనల్‌కు వీడుంటే మునిగినట్టే."

హేమ్లి లేచి పేటియా లంగా దులుపుకుంది.

"చాలు సేటూ, నాకు సమజైంది. ఆదివారం గా పిల్లగాడు ఆడడు. నాది జిమ్మేదారి."

సాబిర్ ఇంటికి నడిచి వెళ్లాడో, తేలుతూ వెళ్లాడో అతనికే తెలియదు.

"నా ఒక్క మాటతోటి టీమే మారిపోయింది!" అన్నాడు గుమ్మంలోనే.

"నీ మాట ఇన్నోళ్లున్నరా?" అజ్మత్ బీ రోకలి ఆపింది. "పాపం, ఎవరామె? చెవులు బాగున్నయా?"

ఆదివారం ఫైనల్‌కు మోతీ నిజంగానే రాలేదు. అతని బదులు జంపయ్య దిగాడు. కావలసినంత పొగరున్నవాడు. అంపైరుతో తగాదా పడి సగంలోనే బయటికొచ్చాడు. మిగిలినవాళ్లు ఆయాసపడుతూ, ఆఖరి నిమిషంలో ఒక్క గోల్‌తో గట్టెక్కారు. కప్పు ఖమ్మానిదే!

సాబిర్ జనాన్ని తోసుకుంటూ వెళ్లి హాతీరాంని కావలించుకున్నాడు.

"ఒప్పుకో భాయ్! నా మాట మీదనే గద మోతీని తీసేసినవ్?"

"నీ మాట మీదనే సేటూ," హాతీరాం పడీపడీ నవ్వాడు. "పిల్లగాని గురించి నువ్వు చెప్పినంత మంచిగ కన్నతల్లి గూడ చెప్పలేదని, ఫైనల్ అయ్యేదాంక ఆగమన్న ఆగకుండ, ఇయ్యాలనే పినపాకల తన బిడ్డకు మోతీతోటి పెండ్లి నిశ్చయం జేసుకుంటున్నది మా అక్క!"