మైసమ్మ మీద దరఖాస్తు

“గట్ల కాదురా మనుమడా! ‘కడియం పోయింది’ అని కాదు, ‘దొంగిలిచ్చిండ్రు’ అని రాయి. పోనీకి దానికేమన్న కాళ్లున్నయా?”

కురుమయ్య ఒక్కో మాటా ఆగి ఆగి చెబుతున్నాడు. మనవడు మల్లికార్జున్ మంచం పక్కన కూర్చుని రాస్తున్నాడు.

పది రోజుల కింద మర్రిగూడ చేలల్లో, గొర్ల మంద పక్కన పడుకున్న కురుమయ్యను కట్లపాము కరిచింది. నల్లగొండ దవాఖానలో మూడు రోజులు గాలి మిషను మీద ఉన్నాడు. కళ్లు తెరిచేసరికి ముంజేతికి వెండి కడియం లేదు.

మల్లికార్జున్ వెంటనే దవాఖాన ఆయా మైసమ్మ పేరు చెప్పాడు. ఆ రోజే ఆమెను పనిలోంచి తీసేశారు. ఈ దరఖాస్తు ఠాణాకు చేరితే ఆమె మీద కేసే.

“నీ ఒళ్లు తుడిచింది ఆమెనే గద తాతా! ఇంకెవలు తీస్తరు?”

“అవ్, తుడిచింది. సొంతోళ్లకు చేతులు రాకపాయె.”

మల్లికార్జున్ వినిపించుకోనట్టు, ‘దొంగ పేరు’ అని రాసి మైసమ్మ పేరు మొదలుపెట్టబోయాడు.

“పేరు ఆఖర్ల. ముందుగాల డాక్టరమ్మ చెప్పింది రాయి. మన కండ మీద కండ్లకు ఆననంత సన్నటి తాళాలుంటయట. నరం చెప్పిన మాట తాళంచెవి లెక్క గా తాళంల పడితెనే కండ కదుల్తది. పాము విషం పోయి గా తాళాలల్ల కూసున్నది. రెప్ప లేవలే, నాలుక తిరగలే, ఊపిరాడలే. విరుగుడు సూదులిచ్చినంక జర జర వదిలినయి.”

“ఠాణా దరఖాస్తుల గివన్నెందుకే తాతా? ఎస్సై నవ్వుతడు.”

“నవ్వనీ. డిగ్రీ సదివిన నీకే తెల్వకపాయె, ఆయనకేం తెలుస్తది? రాయి. గా విషం కండను కట్టేస్తది గని మెదడు జోలికి పోలేదట. పీనుగ లెక్క పడున్న గని చెవులు మంచిగనే పనిచేసినయి.”

మల్లికార్జున్ కలం ఆగింది.

“రాయరా, ఆగుతవేంది? దొంగ నా చేతికి సబ్బు రుద్దుకుంట కడియం గుంజిండు. గుంజుకుంట నా చెవుల ఒట్టు పెట్టిండు. కురుమోళ్లం గద, దొంగతనం జేసేటప్పుడు గూడ దేవుని మీద ఒట్టెయ్యకుంటె మనసొప్పదు. ‘బీరప్ప తోడు తాతా, పండుగకల్ల మళ్ల తెచ్చి తొడుగుత’ అన్నవ్ గదరా! పేరు కాడ నీదే రాసి, పోయి మైసమ్మకు చదివి వినిపియ్యి.”