క్యాబేజీ మడి

తెల్లారగానే కామేశ్వరమ్మ పెరట్లో కూర్చుని క్యాబేజీ ఆకుల మీద పచ్చ పురుగులు ఏరేది. కోడలు పద్మకుమారి నూతిలోంచి తోడి మడికి నీళ్ళు పెట్టేది. బెల్లం వర్తకుల పెరట్లో ఇంగ్లీషు కూరేమిటని వీధంతా నవ్వింది. ఆ ఇద్దరికీ పట్టలేదు.

విత్తనాలు రంగూన్ నుంచి కొడుకు గంగాధరం పంపినవి. అక్కడ ఆ కూర మరిగాడు. జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులేశాక అతని కబురు లేదు.

"మీ అబ్బాయి వచ్చేసరికి గడ్డలు కట్టేత్తాయత్తయ్యా" అనేది పద్మకుమారి.

"వత్తాడు, ఎందుకు రాడూ?" అనేది కామేశ్వరమ్మ.

రాడని ఆవిడకు తెలుసు. రంగూన్ నుంచి నడిచొచ్చిన పరదేశి అనే కూలీ కిందటి వేసవిలో ఈ పెరట్లోనే నిలబడి చెప్పాడు. కోడలు నూతి దగ్గరుందని గొంతు తగ్గించాడు.

"రథసప్తమి మర్నాడమ్మా. కొండదారిలో జొరం తగిలీసింది. నా సేతుల్తోనే దహనం సేసేను."

గిలక చప్పుడు కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది. కామేశ్వరమ్మకు ఏడుపు రాలేదు. "కోడలికి చెప్పకు" అని మాత్రం అంది. భర్త పోయిననాడు తన బొట్టు ఎలా చెరిపారో ఆవిడకు గుర్తుంది. ఆ పిల్ల బొట్టు జోలికి ఎవర్నీ రానివ్వదలుచుకోలేదు.

క్యాబేజీలు కోతకొచ్చాయి. ఇంట్లో రోజూ అదే కూర. కామేశ్వరమ్మ మరిది వచ్చి అన్నగారి తద్దినం పెట్టిన రోజున కూడా పద్మకుమారి ఒకటి కోసుకొస్తే, కామేశ్వరమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"తద్దినం నాడు ఇంగ్లీషు కూర వండకూడదమ్మా. పోయినోళ్ళు ముట్టరు. అరటికాయ కొయ్యి."

రథసప్తమి వెళ్ళింది. మర్నాడు కామేశ్వరమ్మ వంటింట్లో గోడకానుకుని కూర్చుంది. క్యాబేజీ వద్దంటే కోడలు ఎందుకని అడుగుతుంది. ఊరుకుంటే కొడుకు తద్దినం పూట ఆ కూర తినాలి. బ్రాహ్మడు లేడు, పిండం లేదు. ఆ ఒక్క నియమమైనా వాడికి దక్కదు. సరే, తినేద్దామనుకుంది. అంతకంటే ఆలోచించే ఓపిక లేకపోయింది.

పెరటి తలుపు చప్పుడైంది. పద్మకుమారి వచ్చి కత్తిపీట ముందు కూర్చుంది. ఒళ్ళో అరటికాయలున్నాయి.

"ఈవేళ మనింట్లో క్యాబేజీ వండకూడదు కదత్తయ్యా" అంది.