దళవాయి మీద ఒట్టు

"దళవాయి మీద చెయ్యి పెట్టి చెప్పు, పోనని!"

మదనపల్లె బస్సు నడిపే ఈశ్వరప్ప స్టూలెక్కి గోడ మీది పెద్ద పటాన్ని దించి, మంచం మీద గోడకు ఆనించి నిలబెట్టాడు. పటం వెనక కాపురమున్న బల్లి బెదిరి పైకప్పు దాకా పరిగెత్తింది. కూతురు వెన్నెల సూట్‌కేసు జిప్పు సగంలో వదిలేసి బిత్తరపోయి చూసింది.

పుంగనూరులోని ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి వెన్నెల. పరీక్షలన్నీ దాటి ఆర్మీ ఆఫీసరు ట్రైనింగుకు ఎంపికైంది. మధ్యాహ్నం కుప్పంలో రైలెక్కితే సాయంత్రానికి చెన్నైలో ఉంటుంది. ఈ రోజు చేరకపోతే ఆ అవకాశం పోయినట్టే.

పటంలో ఉన్నది దళవాయి బసప్ప నాయకుడు. పాలెగాళ్ల కాలంలో పిడికెడు మందితో కోట నిలబెట్టిన సేనాపతి. జాతరల్లో ఆయన మీద ఇప్పటికీ పాటలు పాడతారు. నూనె రంగులు మసిబారినా ఎర్ర తలపాగా, చెవుల దాకా మెలితిరిగిన మీసం, కత్తి పిడి మీద చెయ్యి చెక్కుచెదరలేదు. ఈశ్వరప్ప తల్లి పుట్టింటి నుంచి వచ్చిన పటం అది. షాపులకు బోర్డులు రాసుకునే ఆమె తండ్రి దాన్ని ఏ పాత కోటలోనో సంపాదించాడని ఈశ్వరప్ప నమ్మకం. ఆ ఇంట్లో ఒట్టు వేయాలంటే దళవాయి మీదే వేయాలి. వేస్తే తప్పకూడదు. ఈశ్వరప్ప బీడీ మానింది కూడా అట్లాగే.

"నీకు యాలమ్మా ఈ మిలిటరీ? టీచరు పనికి రాసుకో. మదనపల్లెలో ఉండొచ్చు. పొద్దున నా బస్సులోనే ఎక్కించుకోని పోతా, సాయంత్రం నా బస్సులోనే తెచ్చి దించుతా."

"బతుకంతా నీ బస్సులోనే తిరగాల్నా నాయనా?"

"తిరిగితే ఏమి? నా బస్సుకేం తక్కువ?"

"బ్రేకులు," అంది వంటింట్లోంచి అతని భార్య స్వర్ణలత.

వెన్నెల నవ్వింది. ఈశ్వరప్పకు నవ్వు రాలేదు.

"నవ్వుతాండావా? ఆడెక్కడో మంచులో నీకు జరమొస్తే నేను యాడికి రావల్ల? సరిహద్దు దాకా నా బస్సు పోతాదా?"

చెమర్చిన కళ్లు కూతురికి కనబడకూడదని పటం వైపు తిరిగి గట్టిగా అందుకున్నాడు.

"ఈ కండ్లు సూడు. కత్తి ఎదురొచ్చినా రెప్ప ఆర్పని కండ్లు. ఈ దవడ సూడు. సేనాపతి మొగమంటే ఇదీ! మగోళ్లలోనే యాడో ఒకరికి వస్తాది. ఆడపిల్లకు వస్తాదా? అట్లాంటి ఆడమనిషిని ఒక్కర్ని సూపించు, నేనే కుప్పానికొచ్చి రైలెక్కిస్తా!"

తండ్రి కళ్లల్లో నీళ్లు తిరగడం వెన్నెల చూసింది. దళవాయి గురించి ఆమెకిప్పుడు పట్టింపు లేదు, ఈ మనిషిని ఏడిపించి ఎట్లా పోయేది? మెల్లగా పటం దగ్గరికి వచ్చి చెయ్యి ఎత్తింది.

"ఆగు పాపా!"

గడప దగ్గర చెనక్కాయలు ఒలుస్తున్న సుబ్బలక్ష్మమ్మ కేక అది. ఈశ్వరప్ప తల్లి.

"ఒరే ఈశ్వరా, అట్లాంటి ఆడమనిషిని సూపిస్తే బిడ్డను పంపిస్తావా?"

"నువ్వు గమ్మునుండుమా. నీకు తెల్దు."

"పంపిస్తావా, లేదా?"

"పంపిస్తా!"

"నీ మాట నేను నమ్మను. ఆయప్ప మీద చెయ్యి పెట్టి చెప్పు."

ఈశ్వరప్ప రోషంగా దళవాయి తలపాగా మీద అరచెయ్యి ఆనించాడు. "దళవాయి మీద ఒట్టు! సూపిస్తే పంపిస్తా. యాడుండాది ఆయమ్మ, రమ్మను!"

సుబ్బలక్ష్మమ్మ ఒళ్లోని పొట్టు దులుపుకొంది. మోకాళ్లు పట్టుకొని లేచి, "అమ్మా, అబ్బా" అనుకుంటూ వచ్చి మంచం మీద పటం పక్కనే కూర్చుంది. వంటింటి గుమ్మంలోకి గరిటెతో స్వర్ణలత కూడా వచ్చి నిలబడింది.

ముసలమ్మ అరచెయ్యి చాపి దళవాయి మీసాన్ని కప్పేసింది. తన మొగాన్ని పటం మొగం పక్కకు జరిపింది.

"ఇప్పుడు సూడు."

ఈశ్వరప్ప పటాన్ని చూశాడు. తల్లిని చూశాడు. మళ్లీ పటాన్ని చూశాడు. తలపాగా మీదున్న చెయ్యి దానంతటదే జారిపోయింది.

"దళవాయిని ఎవురు సూసినారు నాయనా? మా నాయన నన్నే ఎదురుగా కూర్చోబెట్టుకోని గీసినాడు," అంది సుబ్బలక్ష్మమ్మ. "పొద్దున్నే నువ్వు దండం పెడతాంటే, తల్లికే కదా పెడతాండాడని ఇన్నేండ్లు గమ్మునుంటి. మీసమొక్కటే మా నాయన పెట్టింది!"