కబురు చేరేదాకా

“రండి, కూర్చోండి. ఇంతకీ ఎన్నిసార్లు చచ్చారు?” అన్నాడు కథలాయన.

ఆవిడ తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆ వీడియో గేముల కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారిణి ఆవిడ. చేరి నెలే అయింది. చేతిలో తెల్ల కవరు, అందులో, గేములకి కథలు రాసే ఈ ఎదుటి మనిషిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం. మెడలో ట్యాగు తిరగబడి ఉండటంతో, ఆయన తనని గేము ఆడి తప్పులు పట్టే టెస్టర్ అనుకుంటున్నాడని ఆవిడకి అర్థమైంది. పాపం అనిపించింది.

“అది కాదండీ, నేను వచ్చింది...”

“తెలుసండీ. పైవాళ్ళు పంపారు. మా గేములో చావు సంగతి తికమకగా ఉందని అందరూ అంటున్నదే. అడగండి, చెప్తాను.”

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది. ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఎవరినైనా తీసేస్తే మెయిల్ పంపి చేతులు దులుపుకోవడం కుదరదు. ఎదురుగా కూర్చుని నోటితో చెప్పి, కవరు చేతికిచ్చి, సంతకం తీసుకోవాలి. అప్పటిదాకా తీసేసినట్టు లెక్క కాదు. పైగా ఈయన ఒప్పందానికి ఇవాళ సాయంత్రం ఐదింటిదాకే గడువు. ఐదు దాటితే దానంతటదే ఇంకో ఏడాది పెరుగుతుంది. “కథ ఎవడు చదువుతాడమ్మా, పొడుచుకోవడానికి కత్తి ఉంటే చాలు. ఐదులోపు ఆ పని కానిచ్చెయ్” అని డైరెక్టరు గారు మరీ మరీ చెప్పి పంపారు. ఇప్పుడు నాలుగుంపావు.

గోడల మీద బొమ్మలు ఊడదీసిన గుర్తులు కనిపించాయి. ఆవిడ అటు చూడటం చూసి, “రంగులేస్తారేమోనని తీశాను” అన్నాడాయన. “మా బూడిదకోట గేములో చావడం తేలికండీ, లేవడమే కష్టం. వీరుడు చచ్చినప్పుడల్లా బూడిద గుంటలోంచి లేస్తాడు. ఊరికే లేవనివ్వరు. లేచినప్పుడల్లా ఒక జ్ఞాపకం వదులుకోవాలి. మొదట చిన్నప్పటి స్నేహితుడి పేరు పోతుంది. తర్వాత అమ్మ గొంతు.”

“అన్నీ పోతే?”

“ఎవరితో యుద్ధం చేస్తున్నాడో మర్చిపోయి, శత్రువు పక్కనే కూర్చుని వాడి కత్తికి సాన పెడతాడు. మా డైరెక్టరు గారికి ఆ సీనంటే ప్రాణం. ఎందుకో మరి.”

ఆవిడ ఫక్కున నవ్వేసి, వెంటనే నాలిక కరుచుకుంది. వచ్చిన పనేంటి, చేస్తున్నదేంటి? కవరు ముందుకు జరిపింది.

“చూడండి, మీకొక విషయం చెప్పాలి. కాస్త మనసు గట్టి చేసుకుని...”

“అమ్మమ్మమ్మ! ఆ మాట అనకండి!” కథలాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. “అది కబురుగత్తె మాట!”

“కబురుగత్తె ఎవరు?”

“చావు కబురు మోసే మనిషి. బూడిదకోటలో గుండె ఆగినంత మాత్రాన చచ్చినట్టు కాదండీ. ఆవిడ వచ్చి ‘నువ్వు చచ్చావు’ అని మొహం మీద చెప్పాలి. అప్పటిదాకా పోయినవాడు తన పని తాను చేసుకుంటూనే ఉంటాడు. రొట్టెలవాడైతే రొట్టెలు కాలుస్తూ ఉంటాడు.”

“పాపం, వాడికి తెలీదా?”

“వాడికి తప్ప అందరికీ తెలుస్తుంది. కాపలావాడు జాలిగా చూస్తాడు. తలుపులు తెరుచుకోవు.”

ఆవిడ తలుపు వైపు చూసింది. పొద్దున ఈయన తలుపులు తెరిచే కార్డు పనిచేయకుండా చేయించింది తనే.

“ఇవాళ నా కార్డు కూడా మొరాయించింది. పాతబడిపోయింది, నాలాగే” అని నవ్వాడాయన.

ఆ నవ్వు చూశాక ఆవిడ కవరుని మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది. “ఇదంతా ఎక్కడైనా రాసి ఉందా? ఒకసారి చూపిస్తారా?”

“రెండొందల పేజీల ఫైలండీ. అది తెరుచుకునేసరికి మనిద్దరం ముసలివాళ్ళమైపోతాం. నేను చెప్తున్నాగా.”

నాలుగూ యాభై అయింది.

“మరి ఆ రొట్టెలవాడు బతికే దారే లేదా?” ఈసారి ప్రశ్న దానంతటదే వచ్చేసింది.

“ఒక్కటే ఉంది. కబురుగత్తె చెప్పలేక వెనక్కి తిరిగి వెళ్ళిపోతే, వాడు బతికినట్టే.”

“అలా వెళ్ళిపోతే పైవాళ్ళు ఊరుకుంటారా? ఆవిడ ఉద్యోగానికి ఎసరు రాదూ?”

“ఎందుకొస్తుంది? ‘వెళ్ళాను, మనిషి కనపడలేదు’ అంటుంది. చచ్చినవాడు కనపడలేదంటే తప్పుపట్టేదెవరు?”

“ఇంతవరకూ ఎవరైనా అలా వెనక్కి తిరిగారా?”

“లేదండీ.” ఆయన గొంతు తగ్గింది. “పదకొండేళ్ళ నుంచి ఈ కోట కథే రాస్తున్నాను. ఒక్క కబురుగత్తె అయినా వెనక్కి తిరిగితే చూడాలని ఉంది.”

ఆవిడ గడియారం వైపు చూడలేదు. కవరు వైపూ చూడలేదు. కాసేపు తన చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది. బయట ఐదు గంటల బెల్లు మోగింది. ఆవిడ లేచి, కవరుని మడిచి హ్యాండ్‌బ్యాగులో అడుగుకి తోసేసింది.

“తికమకేమీ లేదండీ, బాగుంది. ఆ కబురుగత్తె నియమం మాత్రం తీసేయకండి.”

“మీరంతగా చెప్పాక తీస్తానా!”

వరండాలోకి రాగానే ఆవిడ డైరెక్టరు గారికి ఫోన్ చేసింది. “వెళ్ళాను సార్. మనిషి కనపడలేదు.” అటునుంచి వినిపించిన కేకలకి ఫోను చెవికి కాస్త దూరంగా పెట్టుకుంది కానీ, నెల రోజుల్లో మొదటిసారి ఆవిడకి హాయిగా ఊపిరాడింది.

అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, కథలాయన బల్ల కింద నుంచి అట్టపెట్టె లాగాడు. అందులో కట్టలు కట్టి పెట్టిన బొమ్మలన్నీ తీసి ఒక్కొక్కటే మళ్ళీ గోడకి అతికించాడు. టీ కప్పు బల్లమీద దాని చోట్లో పెట్టాడు. కంప్యూటరు ముందు కూర్చుని ఫైలు మీద నొక్కితే క్షణంలో తెరుచుకుంది.

కబురుగత్తె గురించి మొదటి వాక్యం అప్పుడు రాశాడు.