నల్లదున్న ఎవరిది?

తెమ్యోంగ్ ఒక్క తాపు తన్నేసరికి టపాకాయల బల్ల తిరగబడింది. కట్టలన్నీ రోడ్డు మీదికి దొర్లాయి. అతని వెంట వచ్చిన ఇద్దరూ గడ్డపారలతో కొట్టు రేకులు పీకుతున్నారు.

"ఈ నల్లదున్న ఎవడబ్బ సొత్తనుకున్నావే?"

ఒక కట్ట ఎత్తి, కొట్టు నడిపే పాసింగ్ ముఖాన విసిరికొట్టాడు. కట్టకు చుట్టిన కాగితం మీద కొమ్ములెత్తిన నల్లదున్న బొమ్మ ఉంది.

"మాదే," అంది పాసింగ్. పెదవి చిట్లి నెత్తురు కారుతున్నా ఆమె గొంతు పెంచలేదు. "ఆ గుర్తు మా పేరున రాయమని మనీలాలో సరుకు గుర్తులు నమోదుచేసే ఆఫీసులో అర్జీ పెట్టాం. నీదైతే అక్కడికొచ్చి చెప్పు తెమ్యోంగన్నా."

అన్నా అట, అన్నా! తెమ్యోంగ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. అడ్డొచ్చిన ఆమె మొగుడు సెలోను ఇనప కడ్డీతో భుజం మీద ఒక్కటి వేశాడు. ఎముక చిట్లిన చప్పుడు అందరికీ వినిపించింది. సెలో కూలబడ్డాడు. అతని కుడిచేతికి రెండే వేళ్లున్నాయి. బొకావేలో అదేం వింత కాదు. టపాకాయలు చుట్టి బతికే ఊళ్లో పది వేళ్లూ ఉన్నవాణ్ణే జనం అనుమానంగా చూస్తారు. ఆ చెయ్యి చూసే వీళ్లు ఈ పనిలో పాతకాపులని తెమ్యోంగ్ తేల్చేసుకున్నాడు. ఎక్కడో కూర్చుని ఏళ్ల తరబడి తన గుర్తు మీద బతికారన్నమాట!

"మళ్లీ ఈ దున్న కనబడిందా, మీరు లోపలుండగానే కొట్టు తగలబెడతా!"

మొలలోంచి రివాల్వరు తీసి ఆకాశంలోకి ఒకటి పేల్చాడు. చుట్టుపక్కల కొట్లన్నీ టపటపా మూతపడ్డాయి.

అతని బాధా చిన్నది కాదు. నల్లదున్నను వాళ్ల నాన్న బొగ్గుముక్కతో గోడ మీద గీశాడు. లైసెన్సు లేని రోజుల్లో పెరట్లో దొంగచాటుగా చుట్టిన సరుకంతా ఆ బొమ్మతోనే పోయేది. కాగితం మీద పేరుండేది కాదు, ఊరుండేది కాదు. పోలీసులకు దొరక్కుండా అదో జాగ్రత్త. ఇప్పుడు లైసెన్సు వచ్చింది, నలభై కుటుంబాలు అతని దగ్గర పనిచేస్తున్నాయి. గుర్తు నీదేనన్న పత్రం క్రిస్మస్‌లోపు చూపించకపోతే సరుకు తీసుకోనని మనీలా షావుకారు తెగేసి చెప్పాడు. సరిగ్గా అప్పుడే, రెండు నెలల కిందట ఊళ్లోకి దిగిన ఈ మహాతల్లి ముందే వెళ్లి అర్జీ పడేసింది. కడుపు మీద కొట్టడమంటే ఇదే మరి!

పోలీసులొస్తారేమోనని తెమ్యోంగ్ వారం రోజులు చూశాడు. ఎవరూ రాలేదు. చచ్చేట్టు భయపడ్డారని నవ్వుకున్నాడు. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఎవరు ముందు వాడారన్నదే అక్కడ లెక్క," అన్నాడు లాయరు మెండో. "ఏడేళ్లుగా వాడుతున్నామని రాశారు వాళ్లు. అప్పటి రసీదు ఒక్కటైనా ఉందా నీ దగ్గర?"

"దొంగచాటు సరుక్కి రసీదులేమిటి లాయరుగారూ!"

"అయితే ప్రమాణం చేసి చెప్పాలి. లైసెన్సు లేకుండా చేశానని ఒప్పుకున్నట్టవుతుంది, ఆలోచించుకో."

"అవనీండి. గుర్తు పోతే నలభై కొంపలు కూలతాయి."

విచారణ రోజు పాసింగ్ దంపతులు ముందే వచ్చి కూర్చున్నారు. సెలో చెయ్యి మెడకు వేలాడుతోంది. గుర్తు ఎప్పటినుంచి వాడుతున్నారని అధికారిణి అడగ్గానే పాసింగ్ లేచింది.

"ఏడేళ్ల కిందట డిసెంబరులో లూసెనా బజార్లో అమ్మింది మా నల్లదున్నేనమ్మా."

తెమ్యోంగ్ ఒంటికాలి మీద లేచాడు. "నీ నోట్లో నిప్పులు పొయ్య! లూసెనాకు పంపింది నేను! నలభై పెట్టెలు, చేపల లారీలో!"

"అది ఎవరైనా చెబుతారు. చేసినవాడికే తెలిసే సంగతి ఒకటుంటుంది కదా. అది చెప్పు."

"చెబుతానే, విను! ఆ ఏడు వత్తి దొరకలేదు. ఉన్నదాన్నే సగానికి కత్తిరించి పెట్టాను. అంటించి చెయ్యి తీసేలోపే పేలుతున్నాయని లూసెనా షావుకారు ఫోన్‌లో బండబూతులు తిట్టాడు. పేలకపోతే తిట్టు, పేలితే ఎందుకురా ఏడుస్తావన్నాను. ఈ సంగతి నీ మొగుడికి తెలుసా?"

సెలో తల దించుకున్నాడు. కుడిచేతికి మిగిలిన రెండు వేళ్ల వైపే చూస్తున్నాడు. దొరికిపోయాడు దొంగ వెధవ, అనుకున్నాడు తెమ్యోంగ్.

"ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!" మెండో ముఖం వెలిగిపోయింది. ఒక్క మాట వదలకుండా అంతా టైపు చేయించాడు.

"ప్రమాణపూర్వకంగా చెబుతున్నారా?" అడిగింది అధికారిణి.

"అబద్ధమైతే ఇక్కడే చస్తాను!" తెమ్యోంగ్ సంతకం పెట్టి, పక్కన వేలిముద్ర కూడా గట్టిగా నొక్కాడు.

పాసింగ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ముద్ర వేసిన నకలు ఒకటి అడిగి తీసుకుంది. తర్వాత అర్జీ వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టేసింది.

వరండాలోకి రాగానే తెమ్యోంగ్ పగలబడి నవ్వాడు. గెలిచిన సంబరంలో అతనికి కాస్త జాలి కూడా కలిగింది.

"ఏమ్మా, తన్నులు తిన్నారు, కొట్టు పోయింది, ఆఖరికి దున్నా దక్కలేదు. ఇన్ని పాట్లూ పడి ఏం సాధించినట్టు?"

పాసింగ్ నకలును మొగుడి చేతికిచ్చింది. తెమ్యోంగ్ కళ్లలోకి సూటిగా చూసింది.

"నీ సంతకం. మా పిల్లను చంపింది ఆ లూసెనా సరుకే."