కుళాయి చప్పుడు

వెనక గదిలో కుళాయి కట్టేసి, ముఖం తుడుచుకుంటూ ఆవిడ అప్పుడే కౌంటర్లోకి వచ్చింది. వాచీలు బాగుచేసే మొగుడు కంటి అద్దం తీసి, డబ్బాలో భద్రంగా పెట్టి, ఢామ్మని కింద పడ్డాడు.

“అయ్యో! ఏమండీ!” ఒక్క అంగలో కౌంటరు దాటింది.

“గుండె దడ... ఊపిరాడట్లేదు... పోతానేమోనే!”

“పోవడమేంటి, నోర్ముయ్యండి! పదండి డాక్టరు దగ్గరికి!”

“నువ్వూ వస్తేనే. ఒక్కణ్ణే అయితే ససేమిరా వెళ్ళను.”

“రాక? చంకనేసుకుని తీసుకెళ్తా!”

ఆయనకేమన్నా అయితే తను బతకలేదు. ఆ భయమే ఆవిడకు ఎక్కడలేని ఊపు తెచ్చింది. షట్టరు దించింది, రోడ్డుకు అడ్డంపడి టాక్సీ ఆపింది, ఆయన చెప్పిన క్లినిక్కు దారి పొడుగునా డ్రైవర్ని తొందరపెట్టి చంపింది.

“ఎటూ వెళ్తున్నాం, నువ్వూ చూపించుకోరాదూ?” అన్నాడు మొగుడు.

“నాకేం? గుండ్రాయిలా ఉన్నా!”

డాక్టరమ్మ ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి నాడి చూసింది. “దడ వచ్చినప్పుడు ఎలా ఉంటుంది?”

“కాస్త ఆయాసమండీ. అంతలోనే సర్దుకుంటుంది.”

డాక్టరమ్మ కలం కదల్లేదు. మొగుడి పక్కనే నిలబడ్డ ఆవిడకు ఒళ్ళు మండింది. ఇలా నాన్చితే జబ్బు ఎలా తెలుస్తుంది?

“కాస్త ఆయాసమా? సరిగ్గా చెప్పి చావండి! ముందు వేళ్ళు తిమ్మిరెక్కుతాయి డాక్టరుగారూ. తర్వాత గోడలు మీదికొచ్చేస్తున్నట్టుంటుంది. ఈసారి ప్రాణం పోవడం ఖాయం అనిపిస్తుంది. ఎవరికైనా చెబితే పిచ్చనుకుంటారని ఇంకో భయం!”

కలం పరుగందుకుంది.

“అప్పుడేం చేస్తే తగ్గుతుంది?”

“ఏం చేస్తాం! గడియ పెట్టుకోవాలి. బయటికి వినబడకుండా కుళాయి తిప్పాలి. చల్లటి గచ్చు మీద కూర్చుని, తగ్గేదాకా ఏడవాలి. ఆ తర్వాత ముఖం కడుక్కుని, ఏమీ ఎరగనట్టు కౌంటర్లోకి...”

డాక్టరమ్మ తలెత్తి ఆవిడనే చూస్తోంది.

మొగుడు లేచాడు. ఆవిడ భుజాలు పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆయన చేతులు ఏమాత్రం వణకడం లేదు.

“డాక్టరుగారూ, నేను ఫోన్లో చెప్పిన పేషెంటు ఈవిడే.”