నలభై ఎనిమిది కాళ్ల పరీక్ష

కిషోర్ సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న తీరు చూసి హర్షితకు నవ్వొచ్చింది. కల్లు ముంతనైనా ఇంతకన్నా పొందిగ్గా పట్టుకుంటారు.

"ఏంది, చెయ్యి గట్ల వణుకుతున్నది? చలిజ్వరమా?"

అతను మైక్రోస్కోపు మీదికి వంగాడు. కింద ఒక పాత బోర్డు, దాని మీద చింతగింజంత ఐసీ చిప్పు. చుట్టూ నలభై ఎనిమిది కాళ్లు, ఒక్కోటి వెంట్రుకకన్నా కాస్త లావు. ఒక కాలి టంకం పక్క కాలికి అంటకుండా అన్నీ అతికించాలి. కొత్తగూడెం బస్టాండు దగ్గర తన రిపేరు షాపులో హర్షిత రోజూ చేసే పనే అది.

ఆమె పెట్టే ఈ పరీక్షకు వచ్చినవాళ్లలో ఇతను మూడోవాడు. ఇల్లందు నుంచి వచ్చిన మొదటివాడు బోర్డు అంచు మాడ్చి, ఐరన్ పనికిరాదన్నాడు. రెండోవాడు ఐసీని వంకరగా అతికించి, లైటు చాలలేదన్నాడు. ఇద్దరికీ డిప్లొమాలున్నాయి. సిగ్గే లేదు.

ఇతనూ పోతే ఇంకొకరిని తీసుకురానని ఆమె తండ్రి బిక్షపతి పొద్దున్నే తెగేసి చెప్పాడు. ఇప్పుడు గుమ్మంలో నిలబడి, దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాడు.

"ఫ్లక్స్ పేస్టు పెట్టకుండ టంకమేందయ్యా? మీ పాల్వంచల గిట్లనే చేస్తరా?"

"మెల్లగ చెప్పు బిడ్డా," బిక్షపతి బతిమాలాడు. "గిన్ని మాటలంటే ఎవరుంటరే?"

"ఉండకుంటే పోనీ. చేతగానోళ్లను భరించే ఓపిక నాకు లేదు."

కిషోర్ ఐరన్ స్టాండులో పెట్టాడు. హర్షిత బోర్డు లాక్కుని చూసింది. నాలుగు కాళ్లు ఒకే టంకం ముద్దలో కూరుకుపోయాయి. ఒకచోట వేడి ఎక్కువై బోర్డు మీది రాగి పొరే లేచొచ్చింది. ఇంత ఘోరం ఆ ఇద్దరూ చెయ్యలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"గిది టంకమా, జొన్న గటకనా?" బోర్డును బల్ల మీదికి విసిరింది. "చెప్పు, తప్పు దేనిది? ఐరన్‌దా, లైటుదా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నాదే. ఆగమాగం చేసిన. ఇంకో ఐసీ ఇయ్యండి. ఎట్ల చెయ్యాల్నో చూపిస్తే మళ్ల చేస్త."

హర్షిత తిట్టబోయింది. కోపం నిలవలేదు. అది ఆమెకే చికాకు పుట్టించింది. ఐరన్ మొన శుభ్రంగా తుడిచి అతని చేతికిచ్చి, గుమ్మం వైపు తిరిగింది.

"నాయినా, పంతులు కాడికి పోయి పెండ్లికి ముహూర్తం పెట్టించు."